సన్నటి ఫోనా, గట్టి ఫోనా? మీ చేతికి కావలసింది తేలికైన ఫోన్

ప్రశ్న: నేను సూర్యాపేట జిల్లాలో ఏఈఓగా (వ్యవసాయ విస్తరణ అధికారిగా) పనిచేస్తున్నాను. రోజూ స్కూటీ మీద నాలుగైదు ఊళ్లు తిరగాలి. పంట నమోదు కోసం పొలం గట్టు మీదే నిలబడి ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించాలి. నా ఫోన్ పౌచ్‌తో కలిపి 240 గ్రాములు ఉంది. సాయంత్రానికి మణికట్టు లాగేస్తోంది. ఏడాదిలో రెండుసార్లు చేతిలోంచి జారి డిస్‌ప్లే పగిలింది. రెండోసారి బాగు చేయించలేదు, పగిలినదాంతోనే నెట్టుకొస్తున్నాను. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు సంక్రాంతికి వస్తూ సన్నగా ఉండే ఐఫోన్ ఎయిర్ తెస్తానంటున్నాడు. మావారేమో "నీ పనికి అలాంటివి ఆగవు, 30 వేలలో 7,000 బ్యాటరీ ఉన్న గట్టి ఫోన్ తీసుకో" అంటున్నారు. ఒకరి మాట వింటే ఇంకొకరికి కష్టంగా ఉంటుంది. ఏం చేయమంటారు? పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేయనా?

సమాధానం:

మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది మీ మణికట్టు. ఫోన్ గొడవ తర్వాత చూద్దాం. రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, పొద్దున లేవగానే పట్టు దొరకకపోయినా ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. కొత్త ఫోన్ వస్తే అదే పోతుందిలే అని వాయిదా వేయకండి.

ఇప్పుడు అసలు విషయం. మీ తమ్ముడు సన్నటి ఫోన్ అంటున్నాడు, మీవారు గట్టి ఫోన్ అంటున్నారు. మీ చెయ్యి అడుగుతున్నది ఈ రెండూ కాదు, తేలికైన ఫోన్. సన్నం వేరు, తేలిక వేరు. కంపెనీలు ఈ రెండింటినీ కలిపి ఒకటే మాటగా అమ్ముతున్నాయి కాబట్టి మనమూ అలాగే అనుకుంటున్నాం. షాపులో చేతికిచ్చిన ఐదు నిమిషాలు సన్నదనం బాగుంటుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా మోసేది మాత్రం బరువునే.

నోకియా 1100 మీ ఇంట్లో కూడా ఒకటి ఉండే ఉంటుంది. 2003లో వచ్చింది, ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దాని మందం 20 మిల్లీమీటర్లు, అంటే ఇప్పటి ఫోన్లు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినా అంత కాదు. బరువు మాత్రం 86 గ్రాములే. మందంగా ఉంది, తేలికగా ఉంది, పొలంలో పడ్డా దులుపుకుని మళ్లీ మోగింది. దుమ్ము పోకుండా కీప్యాడ్ మీద ఒకే రబ్బరు తొడుగు, తడి చేతికి జారకుండా పక్కల గరుకు అంచులు, కరెంటు పోతే టార్చిలైటు. ఎలాంటి మనుషులు వాడతారో ఆలోచించి చేసిన వస్తువు అది. ఇప్పుడు మళ్లీ ఆ ఫోన్‌కు వెళ్లమని చెప్పడం లేదు, పంట నమోదు యాప్ అందులో నడవదు. కానీ బరువు పెరిగితేనే గట్టిదనం వస్తుందని మీవారు అనుకుంటే, అది నిజం కాదని చెప్పడానికి ఆ ఒక్క ఫోన్ చాలు.

నిజానికి కిందపడే విషయంలో తేలికైన ఫోన్‌దే పైచేయి. ఒకే ఎత్తు నుంచి పడినప్పుడు దెబ్బ బరువును బట్టే ఉంటుంది. 220 గ్రాముల ఫోన్‌కు తగిలే దెబ్బ కంటే 165 గ్రాముల ఫోన్‌కు తగిలేది పావు వంతు తక్కువ. కాబట్టి మీ తమ్ముడి మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు.

సన్నదనంతో ఇబ్బంది వచ్చేది ఇంకో చోట, వంగడంలో. చిన్నప్పుడు స్కేలును బెంచీ అంచున పెట్టి టపటపలాడించాం కదా. పడుకోబెడితే ఎంతైనా వంగుతుంది, అదే స్కేలును నిలువుగా పట్టుకుంటే కదలదు. వంచినప్పుడు తట్టుకునే బిగువు మందానికి ఘనంలో పెరుగుతుంది, ఘనంలోనే తగ్గుతుంది. 8 మిల్లీమీటర్ల ఫోన్‌ను అదే లోహంతో, అదే తీరులో 5.6 మిల్లీమీటర్లకు తగ్గిస్తే మందం పోయింది 30 శాతమే, బిగువు మాత్రం మూడో వంతుకు పడిపోతుంది. 2014లో ఐఫోన్ 6 ప్లస్ జేబుల్లో వంగిందని ప్రపంచమంతా గోల చేసింది గుర్తుందా? దాని మందం 7.1 మిల్లీమీటర్లు. మరుసటి ఏడాది వచ్చిన 6ఎస్ ప్లస్‌కు ఆపిల్ ఇంకా గట్టి అల్యూమినియం వాడింది, మందం కూడా కాస్త పెంచింది.

ఐఫోన్ ఎయిర్ మందం 5.6, బరువు 165 గ్రాములు. ఆ అనుభవం ఉంది కాబట్టేనేమో, దీనికి టైటానియం ఫ్రేము పెట్టారు. చేతులతో వంచి చూసినవాళ్లకు అది విరగలేదు, కొంచెం వంగి మళ్లీ నిటారుగా వచ్చేసింది. కాబట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటే విరిగిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. బాగా చేసిన ఫోనే అది. అయినా మీకు వద్దంటున్నాను. ఎందుకో చెబుతాను.

మొదటిది సిమ్. ఐఫోన్ ఎయిర్‌లో సిమ్ కార్డు పెట్టే చోటే లేదు, ఏ దేశంలో కొన్నా ఫోన్ లోపలే ఉండే ఈసిమ్ ఒక్కటే. హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చునేవాళ్లకు అది పెద్ద విషయం కాదు. మీరు పొలంలో ఉన్నారు, ఫోన్ కింద పడింది, స్క్రీన్ నల్లబడింది. మామూలు సిమ్ అయితే పక్కనున్న రైతు దగ్గర ఒక పిన్ను తీసుకుని, సిమ్ బయటికి లాగి, ఇంటికెళ్లి పాత ఫోన్‌లో వేసుకుంటారు. రెండు నిమిషాల పని, ఓటీపీలు మళ్లీ వస్తాయి, బ్యాంకు యాప్ తెరుచుకుంటుంది. ఈసిమ్ అయితే దాన్ని ఇంకో ఫోన్‌లోకి మార్చుకోవాలి. ఆ ఇంకో ఫోన్‌కు ఈసిమ్ ఉండాలి, పగిలిన ఫోన్‌లో స్క్రీనే పనిచేయకపోతే ఆపరేటర్ దగ్గరికి పరుగెత్తాలి. ఫోన్ మన్నిక అంటే పగలకుండా ఉండడం ఒక్కటే కాదు. పగిలిన మర్నాడు మీ పని ఆగుతుందా, సాగుతుందా అన్నది కూడా అందులోకే వస్తుంది. గట్టిదా కాదా అని అడిగేటప్పుడు ఎవరూ ఇది అడగరు.

రెండోది బ్యాటరీ. ఐఫోన్ ఎయిర్‌లో ఉన్నది 3,149 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత చార్జి పట్టుకుంటుందో చెప్పే కొలత). అలాగే సన్నగా చేసిన సామ్‌సంగ్ ఎస్25 ఎడ్జ్ 5.8 మిల్లీమీటర్లు, అందులో 3,900. ఎయిర్‌ను విడుదల చేసిన రోజే వెనక అతికించుకునే బ్యాటరీని కూడా ఆపిల్ దానికోసమే ప్రత్యేకంగా తెచ్చింది. రోజూ అది అతికించుకుని తిరిగితే సన్నదనమూ తేలికదనమూ రెండూ పోయినట్టే కదా. ఎండలో బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి, జీపీఎస్ ఆన్‌లో ఉంచి, సిగ్నల్ సరిగ్గా లేని చోట ఫొటోలు ఎక్కించే పనికి బ్యాటరీ ఎంత తాగుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇందులో చాలామంది లెక్కవేయని సంగతి ఒకటుంది. బ్యాటరీ వయసును సంవత్సరాల్లో కంటే చార్జింగుల్లో కొలవడం మేలు. యూరప్‌లో 2025 జూన్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం 800 పూర్తి చార్జింగుల తర్వాత కూడా బ్యాటరీ 80 శాతం పట్టాలి. ఆ 800నే తీసుకుని లెక్కేద్దాం. మీకు రోజుకు 5,000 ఎంఏహెచ్ ఖర్చవుతుందనుకుంటే, 3,149 ఉన్న ఫోన్‌ను రోజుకు ఒకటిన్నరసార్లకు పైగా నింపాలి. 800 చార్జింగులు 500 రోజుల్లో అయిపోతాయి. 7,000 ఉన్న ఫోన్‌కు అవే 800 మూడేళ్లకు పైగా వస్తాయి. ఖర్చు ఫోన్‌ను బట్టి మారుతుంది గానీ తేడా ఏ వైపు ఉంటుందో అర్థమైంది కదా. ఈ విషయంలో మీవారి మాటే నిజం.

మూడోది చిన్నదిగా కనిపిస్తుంది. ఎయిర్‌కు స్పీకర్ ఒక్కటే, అదీ పైన చెవి దగ్గర. రైతు వేదికలో పదిమందిని కూర్చోబెట్టి ఫోన్‌లో వీడియో చూపించే అలవాటు మీకు ఉంటే మొదటి రోజే తెలిసిపోతుంది.

ఇక అమెరికాలో కొన్న ఫోన్‌కు ఇక్కడ వారంటీ, పగిలితే బాగుచేసే ప్లాను ఎంతవరకు చెల్లుతాయో కొనకముందే మీ తమ్ముణ్ణి అక్కడి స్టోర్‌లో కనుక్కోమనండి. 2025లో విడుదలైనప్పుడు ఇక్కడ దాని ధర 1,19,900 రూపాయలు. అంత ఖరీదైన వస్తువును గట్టు మీద చేత్తో పట్టుకుని నిలబడితే మనసంతా దాని మీదే ఉంటుంది, ఆ టెన్షన్ కూడా ఒక బరువే.

సన్నటి ఫోన్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత అనుభవం ఒకటుంది. మూడేళ్ల కింద నేనూ అద్దంలా మెరిసే సన్నటి ఫోన్ ఒకటి ముచ్చటపడి కొన్నాను. పోయిన ఏప్రిల్‌లో ఒక రోజు పక్కనుంచి చూస్తే డిస్‌ప్లేకీ ఫ్రేముకీ మధ్య వెంట్రుకంత సందు కనిపించింది. వేలితో నొక్కితే మూసుకుంది, వదిలితే తెరుచుకుంది. కోఠి దగ్గర తెలిసిన రిపేరు కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాను. అతను ఫోన్‌ను వేడి పలక మీద పెట్టి, జిగురు మెత్తబడ్డాక పలుచని ప్లాస్టిక్ ముక్కను అంచులోకి దూర్చి మెల్లగా చుట్టూ తిప్పాడు. మూడు వైపులా వచ్చింది, నాలుగో వైపు వెనక అద్దం చిటుక్కుమని చీలింది. లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. "అన్నా, దీంట్ల ఉబ్బనీకి జాగనే లేదు, అందుకే డిస్‌ప్లేని నూకింది" అన్నాడు. బయటికి తీసేటప్పుడు డిస్‌ప్లే రిబ్బన్ కూడా తెగింది. కుర్రాడి తప్పేమీ లేదు, గోరంత చోటులో అన్నీ జిగురుతో అతికించి పెట్టారు. బ్యాటరీ, కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిసిన భాగం), వెనక అద్దం అన్నీ కలిపి 11 వేలు అడిగితే, 24 వేలు పెట్టి కొన్న ఫోన్‌ను అక్కడే వదిలేసి వచ్చాను. అందులో ఉన్న మా నాన్న ఫొటోలు సగం వెనక్కి రాలేదు. ఇప్పటికీ ఆ ఫొటోలు గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

ఎండ వల్ల బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, సన్నటి ఫోన్లలో ఆ వేడి సర్దుకోవడానికీ చోటుండదు. ఆపిల్ తన ఫోన్లను 35 డిగ్రీలలోపు వాడమంటుంది. మన మే నెలలో నీడలోనే 42, 43 ఉంటుంది. స్కూటీ డిక్కీలో ఫోన్ పెట్టి ఎండలో బండి ఆపడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. హ్యాండిల్‌కు బిగించే స్టాండు కూడా వద్దు. పెద్ద మోటార్‌సైకిళ్ల కుదుపులకు కెమెరాలో చేతి వణుకును సరిచేసే భాగం పాడవొచ్చని, స్కూటర్లలో కుదుపు తక్కువైనా జాగ్రత్త కావాలని ఆపిల్ 2021లో తనే చెప్పింది. మీ పనంతా ఆ కెమెరాతోనే కదా.

అయితే మీవారు చెప్పినట్టు 7,000 బ్యాటరీ ఉన్నది కొంటే సరిపోతుందా? బ్యాటరీ మంచిదే. అదే సైజులో ఎక్కువ చార్జి పట్టే సిలికాన్ కార్బన్ బ్యాటరీలు వచ్చాక 7,000 కూడా 8 మిల్లీమీటర్ల చిల్లరలో పట్టేస్తోంది, పాత రోజుల్లోలా ఇటుకలా ఉండనక్కర్లేదు. కానీ అలాంటివి ఎక్కువగా 200 నుంచి 220 గ్రాములు తూగుతున్నాయి. దానికి మందపాటి పౌచ్ వేస్తే మళ్లీ 250, మీరు మొదలుపెట్టిన చోటికే వచ్చారు.

బాక్సు మీద మిలిటరీ గ్రేడ్ అని రాసి ఉందని మీవారు చూపిస్తే, అది ఏమిటో కూడా తెలియాలి. ఆ మాట వెనక ఉన్న ఎంఐఎల్ ఎస్‌టీడీ 810హెచ్ అనేది అమెరికా సైన్యం రాసుకున్న పరీక్షల పుస్తకం. అందులో బోలెడు పరీక్షలున్నాయి, వాటిలో ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది. సైన్యం వచ్చి ఫోన్‌ను చూసి ముద్ర వేయదు. ఐపీ68 అన్నది ఇంకాస్త నమ్మదగ్గది, 6 అంటే దుమ్ము చొరబడదు, 8 అంటే నీట మునిగినా తట్టుకుంటుంది. ఆ పరీక్ష మంచినీళ్లతో, కొత్త ఫోన్‌తో చేస్తారు. మందు కలిపిన నీళ్లు, సబ్బునీళ్లు వేరు. పైగా నీళ్లు పోయి పాడైతే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు. ఎప్పుడైనా తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టకండి, చార్జింగ్ సందులోకి బియ్యపు పొడి పోతుంది. రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని తట్టి, గాలికి ఆరనివ్వండి, ఆరేదాకా చార్జింగ్ పెట్టకండి.

మీ డిస్‌ప్లే రెండుసార్లు పగలడానికి ఎత్తు ఒక్కటే కారణం కాకపోవచ్చు. అద్దాల షాపులో అద్దం కోయడం ఎప్పుడైనా చూశారా? వజ్రపు మొన ఉన్న కలంతో ఒక గీత గీస్తాడు, ఆ గీత కంటికి సరిగ్గా ఆనను కూడా ఆనదు. తర్వాత కింద చిన్నగా తడితే అద్దం ఆ గీత వెంబడే విరుగుతుంది. మీ ఫోన్‌కు అలాంటి గీతలు ఇసుక గీస్తోంది. ఫోన్ అద్దం ఎంత గట్టిదైనా ఇసుకలోని పలుగురాయి రేణువు దానికంటే గట్టిది. బ్యాగులో తాళాలు, మట్టి, ఫోన్ అన్నీ కలిసి తిరిగితే రోజూ నాలుగు సన్న గీతలు పడతాయి. మూడు నెలల తర్వాత ఫోన్ మోకాలెత్తు నుంచి పడ్డా అక్కడే పగులుతుంది. కాబట్టి టెంపర్డ్ గ్లాస్‌ను దెబ్బ ఆపే డాలులా చూడకండి, ఆ గీతలు తన మీద వేయించుకునే పొరలా చూసి, గీతలు పడగానే మార్చేయండి. రెండు మూడు వందలతో పోతుంది. బ్యాగులో ఫోన్‌కు విడిగా ఒక జిప్పు అర ఉంచండి.

మీరు కొనాల్సింది నా లెక్కలో ఇలా ఉండాలి. బరువు 190 గ్రాములు దాటకూడదు. వెనక అద్దం వద్దు, ప్లాస్టిక్ కావాలి. ప్లాస్టిక్ అనగానే చవకబారుదని ముఖం చిట్లించేవాళ్లున్నారు, సామ్‌సంగ్ 2021లో ఎస్21కు ప్లాస్టిక్ వెనక పెడితే చాలామంది సణిగారు. కానీ ప్లాస్టిక్ అద్దం కంటే తేలిక, కిందపడితే పగలదు, మీ రెండు అవసరాలూ ఒకేసారి తీరుస్తుంది. నన్నడిగితే లక్ష రూపాయల ఫోన్లకు కూడా అదే పెట్టాలి. స్క్రీన్ చదునుగా ఉండాలి. అంచులు వంపు తిరిగినవి చూడ్డానికి బాగుంటాయి, పడినప్పుడు ఆ వంపే ముందు నేలకు తగులుతుంది, టెంపర్డ్ గ్లాస్ కూడా సరిగ్గా అతకదు. బ్యాటరీ 5,000 ఉంటే మీకు రోజు గడుస్తుంది, బరువు మించకుండా ఎక్కువ దొరికితే సంతోషమే. సిమ్ కార్డు పెట్టే చోటు తప్పకుండా ఉండాలి.

మీరు చూస్తున్న మోడల్ యూరప్‌లో కూడా అమ్ముతుంటే, అక్కడి లేబుల్‌ను నెట్‌లో వెతకండి. కిందపడితే ఎంత తట్టుకుంటుంది, బాగు చేయడం ఎంత సులువు అన్నదానికి ఎ నుంచి ఇ దాకా గ్రేడులు ఇస్తున్నారు. మన దగ్గర కూడా ఫోన్లకు ఇలా బాగుచేయగలిగే సూచిక పెట్టాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. అది త్వరగా అమల్లోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అప్పటిదాకా మీరే ఒక పని చేయండి. కొనకముందే సూర్యాపేటలోనో నల్గొండలోనో సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, ఈ మోడల్‌కు ఒరిజినల్ డిస్‌ప్లే ఎంత, ఎన్ని రోజుల్లో వేస్తారు అని అడగండి. ఫోన్ ధరలో మూడో వంతు దాటితే ఆ మోడల్ వదిలేయండి.

పౌచ్ విషయంలో మందం కాదు చూడాల్సింది, మూలలు. ఫోన్లు ఎక్కువగా మూలల మీదే పడతాయి. నాలుగు మూలలూ కొంచెం ఉబ్బెత్తుగా, అంచు స్క్రీన్ కంటే ఒక మిల్లీమీటరు పైకి ఉండే మెత్తటి పౌచ్ చాలు, 30 గ్రాములలోపు దొరుకుతుంది. దానికి తాడు దూర్చే చిన్న రంధ్రం ఉండేది చూసుకోండి. మన ఆడవాళ్ల డ్రెస్సులకు జేబులుండవు, ఉన్నా ఫోన్ పట్టదు, అందుకే రోజంతా చేతిలోనే ఉంటుంది. తాడు మెడలో వేసుకుంటే ఫోటో తీశాక వదిలేయొచ్చు, చెయ్యి ఖాళీ అవుతుంది. జారినా నేల దాకా వెళ్లదు. చిటికెన వేలిని ఫోన్ కింద ఆనించి పట్టుకునే అలవాటుంటే మానండి, రెండు చేతులతో పట్టుకోండి. మణికట్టు నొప్పికి కొత్త ఫోన్ ఎంత సాయం చేస్తుందో ఆ 50 రూపాయల తాడు అంతకంటే ఎక్కువే చేస్తుంది.

తమ్ముడికి ఏం చెప్పాలన్నది మీకు ఇబ్బందిగా ఉంది. "నీ ఫోన్ బాగా లేదు" అని అనకండి, "సిమ్ కార్డు పెట్టుకునేది కావాలి రా, పొలంలో పాడైతే నాకు ఇబ్బంది" అని చెప్పండి. దూరంగా ఉండి అక్కకు ఏదైనా ఇవ్వాలని ఆశపడుతున్న పిల్లాడు, కారణం తెలిస్తే నొచ్చుకోడు. అతని డబ్బుతోనే ఇక్కడ ఫోన్ కొనుక్కోండి, అతను వచ్చాక ఇద్దరూ కలిసి షాపుకెళ్లండి. మీవారినీ తీసుకెళ్లండి. షాపులో ఫోన్ చేతికిచ్చినప్పుడు ఐదు నిమిషాలు కాదు, పావుగంట పట్టుకుని నిలబడండి, కెమెరా తెరిచి పొలంలో ఎలా పడతారో అలాగే పట్టుకోండి. ఏది వద్దో మీ చెయ్యే చెబుతుంది.

పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌కు ఇవ్వకండి. పగిలిన స్క్రీన్‌కు వాళ్లిచ్చేది వెయ్యో, పదిహేను వందలో. దాంతోనే నెట్టుకొస్తున్నారంటే టచ్ పనిచేస్తున్నట్టే కాబట్టి, ఇంకా పగులు సాగకుండా దాని మీద ఒక టెంపర్డ్ గ్లాస్ వేయించి, పంట నమోదు యాప్, బ్యాంకు యాప్ అందులో ఉండనివ్వండి. సగం చార్జింగ్‌తో స్విచ్ ఆఫ్ చేసి, రెండు నెలలకోసారి బయటికి తీసి మళ్లీ సగానికి నింపండి. సిమ్ తీసే పిన్నును దాని వెనక సెల్లోటేపుతో అతికించి, టీవీ కింద సొరుగులో పెట్టండి. మీరు ఊళ్లో ఉండి మీవారు ఇంట్లో ఉన్న రోజున అది ఎక్కడుందో ఆయనకూ తెలియాలి.